నా ఒంటికి పడే రంగు కోసం వెతుకులాట

చేతివేళ్ల మధ్య దురద, చర్మం పగిలి రసి కారడం నాకు చాలాకాలంగా ఉన్న బాధే. అంట్లు తోమే లిక్విడ్ పడట్లేదేమో అనుకునేదాన్ని. గ్లవ్స్ వేసుకున్నా తగ్గకపోయేసరికి చర్మవ్యాధుల డాక్టరు గారు ప్యాచ్ టెస్ట్ చేయించారు. వీపు మీద వరసగా చిన్న చిన్న గళ్లలో రకరకాల రసాయనాలు అంటించి 48 గంటలు తడి తగలకుండా ఉంచుతారు. తీసినప్పుడు ఒకసారి, మళ్లీ రెండు రోజులు పోయాక ఒకసారి చూస్తారు. నా వీపు మీద ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉబ్బి నీటి పొక్కులు కట్టింది. రిపోర్టులో మిథైల్ ఐసోథయజోలినోన్ అని రాసి ఉంది, పొట్టిగా ఎంఐటి. షాంపూలు, తడి వైప్స్, అంట్లు తోమే లిక్విడ్లు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ ఇది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దీన్ని ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించిందట. అంటే ఈ బాధ నా ఒక్కదానిదే కాదన్నమాట.

లేచి వస్తుంటే డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. "ఇంటికి రంగులు వేయించేటప్పుడు జాగ్రత్తమ్మా. వాటర్ పెయింట్లలో ఇది ఉంటుంది. చేత్తో ముట్టుకోనక్కర్లేదు, గాల్లోంచే మొహం మీదికి వస్తుంది."

మేము అప్పటికే రంగులు వేయించాలని అనుకుంటున్నాం. పెయింటర్‌తో మాట్లాడేశాం కూడా. ఆయనకి ఫోన్ చేసి సంగతి చెబితే, "మేడం, మీరు టెన్షన్ పడకండి. జీరో వీఓసీ వేద్దాం, వాసనే ఉండదు. పిల్లల గదుల్లో కూడా అదే వేస్తున్నాం" అన్నారు. వీఓసీ అంటే మామూలు వేడికే ఆవిరై గాల్లో కలిసే కర్బన రసాయనాలు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. కానీ నాకు పడనిది వీఓసీల లెక్కలోకి వచ్చేది కాదు. వాసన లేనంత మాత్రాన అది లేదని కాదు.

పెయింట్ డబ్బా మీద పదార్థాల జాబితా ఉండదని అప్పుడే గమనించాను. షాంపూ సీసా మీద ఉన్నన్ని వివరాలు కూడా ఉండవు. మనం అడిగి తెప్పించుకోవాల్సింది సేఫ్టీ డేటా షీట్. అందులో 16 విభాగాలుంటాయి. రెండోది ప్రమాదాల గురించి, మూడోది అందులో ఏమేం ఉన్నాయో, ఎనిమిదోది మాస్కు, గ్లవ్స్ లాంటి రక్షణ గురించి. నేను ముందు చూసేది మూడోదే. పేర్లు నోరు తిరగవు, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, అందుకని పక్కనుండే క్యాస్ నంబర్లు, అంటే ఒక్కో రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యలు, ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. ఎంఐటికి 2682-20-4. దాని అన్నదమ్ముడు బిఐటికి 2634-33-5. ఈ కుటుంబం మొత్తాన్నీ ఐసోథయజోలినోన్లు అంటారు, వాటిలో రెండు కలిపిన మిశ్రమానికి 55965-84-9. ఆరిన గోడ మీద బూజు పట్టకుండా వేసే ఓఐటికి 26530-20-1. 'ఫంగస్ రాదు', 'యాంటీ బ్యాక్టీరియల్' అని గొప్పగా రాసిన డబ్బాల్లో ఇలాంటివి ఇంకాస్త ఎక్కువ ఉండే అవకాశం ఉంది. నాలాంటివాళ్లు ముందు పక్కన పెట్టాల్సింది వాటినే.

మోతాదు మరీ తక్కువైతే మూడో విభాగంలో రాయనక్కర్లేదన్న వెసులుబాటు కూడా కంపెనీలకి ఉంది. అప్పుడు రెండో విభాగం చివర్లో 'అలర్జీ కలిగించవచ్చు' అనే వాక్యం ఉందేమో చూడాలి. యూరప్‌లో 2020 నుంచి ఎంఐటి 15 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 15 వంతులు, ఉంటే ఆ సరుకు మొత్తాన్నీ చర్మానికి అలర్జీ కలిగించేదిగానే లెక్కవేయాలి. అంత కొంచెం చాలు దీనికి. నేను కంపెనీలకి మెయిల్ పెట్టి, 'ఐసోథయజోలినోన్లు ఏవైనా, ఎంత కొంచెమైనా వేస్తారా' అని సూటిగా అడిగాను. కొందరు మర్యాదగా జవాబిచ్చారు. కొందరు 'మా ఉత్పత్తి పర్యావరణహితం' అని బ్రోచర్ పంపి ఊరుకున్నారు.

చదివేకొద్దీ పెయింటంటే ఏమిటో అర్థమైంది. రంగూ తెలుపూ ఇచ్చే పిగ్మెంటు, ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్. దాన్ని గోడకి పట్టి ఉంచే జిగురు, ఎక్కువగా యాక్రిలిక్. ఈ రెండింటినీ పలచన చేసే నీళ్లో, పెట్రోలియం ద్రావకమో. పైన చిల్లర సామాను: చిక్కదనానికి సెల్యులోజ్, నురగ రాకుండా ఒకటి, త్వరగా ఆరిపోకుండా గ్లైకాల్, జిగురు పొర అతుక్కోవడానికి ఇంకో ద్రావకం, పులుపెక్కకుండా అమ్మోనియా, చౌకగా దళసరి రావడానికి సుద్ద, చైనా క్లే. వీటిలో టైటానియం డయాక్సైడ్ పొడిగా ఊపిరితిత్తుల్లోకి పోతేనే ఇబ్బంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, దాన్ని 2బి గ్రూపులో, అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. గోడ మీద ఆరి కూర్చున్నది ఎవరినీ ఏమీ చేయదు. ఉప్పుకాగితం పట్టి రుద్దినప్పుడే గాల్లోకి లేస్తుంది.

మరి ప్రిజర్వేటివ్ ఎందుకు వేస్తారు? ద్రావకం పెయింట్‌లో సూక్ష్మజీవులు బతకవు. నీళ్లు, సెల్యులోజ్ ఉన్న డబ్బాలో హాయిగా పెరుగుతాయి, డబ్బా ఉబ్బుతుంది, తెరిస్తే కంపు. అందుకని ఏదో ఒక విషం వెయ్యక తప్పదు. ఒకప్పుడు పాదరసం వేసేవారు. 1989లో అమెరికాలోని మిషిగన్‌లో, ఇంట్లో కొత్తగా వాటర్ పెయింట్ వేసిన తర్వాత నాలుగేళ్ల పిల్లాడికి పాదరసం విషమెక్కింది. మరుసటి ఏడు, 1990లో, ఇంటి లోపలి పెయింట్లలో పాదరసం అక్కడ ఆగిపోయింది. ఫార్మాల్డిహైడ్ విడుదల చేసేవీ వాడారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలాక వాటి మీదా అనుమానం పెరిగింది. ఆ ఖాళీని ఐసోథయజోలినోన్లు నింపాయి. ద్రావకాల వాసన పోవాలని జనం అడిగారు, పోయింది. దాని బదులు నాబోటివాళ్లకి దురద వచ్చింది. ఎవరిని తిట్టాలో కూడా తెలియదు.

జీరో వీఓసీ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతున్నారు. యూరప్ చట్టం ప్రకారం పెయింట్‌లో 250 డిగ్రీల సెల్సియస్ లోపు మరిగేవే వీఓసీలు. ఆ గీత కాస్త దాటి మరిగే ద్రావకం వేస్తే అది లెక్కలోకి రాదు, కాకపోతే వారాల తరబడి మెల్లగా గాల్లోకి వస్తూనే ఉంటుంది. ఇంకొకటి, చాలాసార్లు ఆ సున్నా తెల్ల బేస్‌కి మాత్రమే. షాపులో మెషీన్ మీద కలిపే రంగుల్లో గ్లైకాల్‌లాంటివి ఉంటే లెక్క మారిపోతుంది. అయినా మామూలువాళ్లు పాత ఘాటు పెయింట్ల కంటే వీటినే ఎంచుకోవడం మంచిదే, అందులో సందేహం లేదు. తలనొప్పి, కళ్లమంట, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరాడకపోవడం, ఇవన్నీ ద్రావకాల పుణ్యమే.

నా లెక్క వేరు. ప్రిజర్వేటివ్ అక్కర్లేని పెయింట్ ఎలా ఉండాలి? ఒకటి, క్రిములు బతకలేనంత క్షారంగా ఉండాలి. అంటే సున్నం, లేదా పొటాషియం వాటర్ గ్లాస్‌తో, అంటే నీళ్లలా ఉండే సిలికేట్ ద్రవంతో, చేసే సిలికేట్ పెయింట్. ఇది 1878లో అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ అనే జర్మన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. రెండు, పొడిగా ఉండి వేసే రోజే నీళ్లు కలుపుకునేదై ఉండాలి. పాల నుంచి తీసే కేసీన్ పెయింట్, మట్టి పెయింట్ అలాంటివి. మూడు, అసలు నీళ్లే లేనిదై ఉండాలి, అంటే నూనె పెయింట్. ఈ మూడు దారులూ కాగితం మీద రాసుకున్నాక సగం టెన్షన్ పోయింది.

"సున్నమా! ఇప్పుడెవరు వేస్తారు మేడం?" అన్నారు పెయింటర్. కాసేపాగి, "నేర్చుకున్నది సున్నంతోనే లెండి" అని నవ్వారు. చెయ్యి తిరిగిన మనిషి దొరకడం నా అదృష్టం.

గోడలని ముట్టుకునే ముందు పాత రంగుల సంగతి తేల్చుకోవాలి. మా తలుపులు, కిటికీల మీద ఏళ్ల తరబడి పొరలు పొరలుగా ఎనామిల్ ఉంది. అడుగున పసుపు, దాని మీద ఆకుపచ్చ. పాత పసుపు, నారింజ, ఆకుపచ్చల్లో లెడ్ క్రోమేట్, అంటే సీసంతో చేసిన రంగు, ఉండే అవకాశం ఎక్కువ. పైగా ఎనామిల్ త్వరగా ఆరడానికీ సీసం వాడేవారు. ఇంటి లోపల సీసపు తెలుపు వాడకాన్ని అడ్డుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసింది. అమెరికా ఇళ్ల పెయింట్లలో సీసాన్ని నిషేధించింది 1978లో. ఇప్పుడు చాలా దేశాల్లో హద్దు 90 పీపీఎం. పిల్లల మెదడు విషయంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే కొత్త డబ్బా కన్నా పాత పొరే ఎక్కువ భయపెట్టాలి. అన్ని పొరలూ వచ్చేలా చిన్న చిన్న పెచ్చులు కోసి, ఒక్కో తలుపుదీ వేరే కవరులో పెట్టి ల్యాబ్‌కి పంపించాను. కిటికీలన్నీ హద్దుకి చాలా పైన వచ్చాయి. తలుపుల్లో ఒకటి రెండు తప్పించుకున్నాయి.

సీసం ఉన్న పొరని పొడిగా రుద్దకూడదు, హీట్ గన్‌తో కాల్చకూడదు. దుమ్ముగానో పొగగానో అది ఇల్లంతా పరుచుకుంటుంది. పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్న కిటికీలని అలాగే వదిలేశాం. లేచినచోట మాత్రం నీళ్లు చిమ్మి తడిగా గీకి, కింద పరిచిన ప్లాస్టిక్ షీటుని లోపలికి మడిచి మూట కట్టాం. చీపురు పట్టనివ్వలేదు, తడిగుడ్డే. పెయింటర్ ముఖానికి గుడ్డ కట్టుకోబోతుంటే సరైన మాస్కు తెప్పించి ఇచ్చాను. సన్న దుమ్ముకి ఒక రకం ఫిల్టర్, ద్రావకాల ఆవిరికి బొగ్గు నింపిన ఇంకో రకం కాట్రిడ్జ్. దేని పని దానిదే, గుడ్డ దేనికీ పనికిరాదు. పెయింటర్ వృత్తినే ఐఏఆర్‌సీ 1989లో మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మనం మన ఇంట్లో నాలుగు రోజుల వాసన గురించి ఇంత ఆలోచిస్తాం, ఆయన జీవితమంతా అందులోనే ఉంటారు.

తర్వాత అసలు కష్టం. సున్నం ప్లాస్టిక్ ఎమల్షన్ మీద నిలవదు, సిలికేటూ అంతే. గోడ ఖనిజమై ఉండాలి, నీళ్లు పీల్చుకోవాలి. పాత ఎమల్షన్, దాని కింది లప్పం, అన్నీ తీసేసి సిమెంట్ ప్లాస్టరింగ్ దాకా వెళ్లాలి. పెయింట్ కరిగించే స్ట్రిప్పర్ వేస్తే ఒక్క పూటలో అయిపోతుందని ఎవరో చెప్పారు. డేటా షీట్ తెప్పిస్తే అందులో డైక్లోరోమీథేన్ ఉంది. ఇది ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసి ఉన్న గదుల్లో దీన్ని వాడుతూ చనిపోయినవాళ్లున్నారు, 2019లో అమెరికా మామూలు జనానికి అమ్మడం ఆపేసింది. వద్దన్నాను. గోడ నానబెట్టడం, గీకడం, మళ్లీ నానబెట్టడం. ఖర్చు, విసుగు రెండూ అక్కడే ఎక్కువ. సహజమైన రంగులంటే చౌక అనుకునేవాళ్లకి ఈ గీకుడు గురించి ఎవరూ చెప్పరు.

సున్నం పని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల్లో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. గోడకి పూశాక గాల్లోంచి అదే వాయువుని మళ్లీ పీల్చుకుని తిరిగి రాయవుతుంది. ఉడకడం అయిపోయి బాగా నానిన సున్నం ముద్దనే తెప్పించుకున్నాం. దాన్ని పల్చటి పాలలా కలిపి, గుడ్డలో వడకట్టి, గోడకి ముందు నీళ్లు చిమ్మి, వెడల్పాటి కుంచెతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగారాయన. మొదటి కోటు వేసినప్పుడు ఏమీ కనపడలేదు. గోడ తడిసి బూడిదరంగులో ఉంది, అంతే. "రేపు పొద్దున చూడండి" అన్నారు. పొద్దునకి తెల్లబడింది. చిక్కగా ఒకేసారి వేసేస్తే బీటలు తీసి పొలుసులుగా రాలిపోతుందట, అందుకని పల్చగా చాలా కోట్లు. పడకగదికి కొంచెం పసుపు మట్టి రంగు, అంటే ఐరన్ ఆక్సైడ్ కలిపాం. సున్నం క్షారానికి తట్టుకునేవి ఇలాంటి ఖనిజ రంగులే, మిగతావి చాలావరకు వెలిసిపోతాయి.

సహజం కదా అని సున్నాన్ని చేత్తో కలపకండి. తడి సున్నం పీహెచ్ 12 దాటుతుంది. చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, పొడవాటి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడుగుతూ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నా పగిలిన వేళ్లతో నేను ఆ బకెట్ దరిదాపులకి పోలేదు. ఆరి రాయిగా మారాక మాత్రం అది నన్నేమీ చేయలేదు.

హాలులో ఒక గోడ జిప్సం బోర్డుది. దాని మీద సున్నం గానీ సిలికేట్ గానీ సరిగ్గా పట్టదు. అక్కడికి కేసీన్ పొడి తెప్పించాం. పాలల్లోని ప్రోటీన్, సున్నం, సుద్ద, మట్టి, అంతే. పొద్దున కలిపినది సాయంత్రానికి వాడేయాలి, మర్నాటికి కంపు కొడుతుంది. అలా కంపు కొట్టడమే నాకు కావలసిన గుణం! ఆరాక మెత్తటి మ్యాట్. తడి ఉండే గోడలకి మాత్రం పనికిరాదు, బూజుకి అది మంచి విందు. వంటగదికి సిలికేట్ వేశాం, తుడిస్తే తట్టుకుంటుందని. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. 'లైమ్ పెయింట్', 'మట్టి రంగు' అని అందంగా రాసిన కొన్ని డబ్బాలు లోపల యాక్రిలిక్కే. నేను తెప్పించిన ఒక లైమ్ పెయింట్ షీటులో 2682-20-4 నన్ను చూసి నవ్వింది.

తలుపులకి అవిసె నూనె పెయింట్ వేశాం, ద్రావకం కలపనిది. ఆరడానికి వేసే కోబాల్ట్ కూడా చర్మానికి అలర్జీ చేసే రకమే కాబట్టి మాంగనీస్ డ్రయర్ ఉన్నది వెతికాను. మెల్లగా ఆరుతుంది, ఓపిక ఉండాలి. ఆరేటప్పుడు నూనె గాలితో కలిసి ఆల్డిహైడ్లు వదులుతుంది, ఆ కమురు వాసన కొన్నాళ్లు ఉంటుంది. అందుకని ఆ రోజుల్లో వేరేచోట ఉన్నాం. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పెట్టాలి, లేదా బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరేయాలి.

పైన్ చెట్ల టర్పెంటైన్, నారింజ తొక్కల నుంచి తీసే లిమోనిన్ లాంటి 'సహజ' ద్రావకాల జోలికి పోలేదు. మొదటిది చర్మానికి పేరున్న అలర్జీ. రెండోది గదిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. ఆ మాటకొస్తే ఇంగిలీకం పాదరసం, హరితాళం ఆర్సెనిక్, సిందూరం సీసం. ఇవన్నీ తాతలనాటి రంగులే.

బంధువులొకరు వచ్చి, రంగు వాసన పీల్చేస్తాయని మొక్కల కుండీలు తెచ్చి పెట్టారు. మొక్కలంటే నాకూ ఇష్టమే, ఉంచుకున్నాను. అయితే 1989లో నాసా ఆ ప్రయోగం చేసింది చిన్న మూసిన పెట్టెల్లో. ఇంట్లో కిటికీ తెరిస్తే మారేంత గాలిని శుభ్రం చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్ష లెక్క తేల్చింది. ఎదురెదురు కిటికీలు తీసి పెట్టడమే మేలు.

ఇంట్లోకి తిరిగి వచ్చాక మొహం మీద దద్దుర్లు రాలేదు. చేతుల బాధ తగ్గింది రంగుల వల్ల కాదు, షాంపూ, లిక్విడ్ మార్చినందుకు. ఇక సున్నం గోడతో సర్దుకుపోవాల్సినవి ఉన్నాయి. ఆనుకుంటే నల్లచొక్కా మీద కాస్త తెల్లగా అంటుతుంది. మరక పడితే తుడవడానికి లేదు, ఆ చోట తడిపి మళ్లీ ఒక పల్చటి కోటు వేసుకోవడమే. అందుకని మిగిలిన సున్నం ముద్దని నీళ్లలో మునిగేలా పోసి, మూత బిగించిన బకెట్‌లో పిల్లలకి అందని చోట పెట్టాం. నీళ్ల కింద ఉన్నంతకాలం పాడవదు. కిటికీల పాత పొరలని పండక్కో పబ్బానికో కాకుండా, కడిగిన ప్రతిసారీ పెచ్చు లేచిందేమో వేలితో తడిమి చూస్తున్నాను. లేస్తే మళ్లీ నీళ్లు, గీకుడు, ప్లాస్టిక్ మూట.